పొట్టలో పంచదార నీళ్ళు

కిడ్నీలు చెడిపోయాక డాక్టరు రెండు దారులు చూపించాడు. విశాఖలో గది తీసుకుని, వారానికి మూడుసార్లు ఆసుపత్రి మిషను పక్కన పడుకోవడం ఒకటి. అరకులోనే ఉండి, పొట్టకు అమర్చిన గొట్టం గుండా పంచదార కలిసిన మందునీళ్ళు నేనే ఎక్కించుకుని, కొన్ని గంటలాగి దింపుకోవడం రెండోది. కొండలు వదల్లేక రెండోది ఎంచుకున్నాను.

పొట్ట లోపల పల్చటి పొర ఉంటుంది. రక్తంలోని మలినం దాన్ని దాటి మందునీళ్ళలోకి వస్తుంది. ఒంట్లో ఎక్కువైన నీటిని పంచదార లాగుతుంది. అందుకే పోసినదానికంటే దిగినది ఎక్కువ తూగాలి.

సంచీ మార్చేటప్పుడు క్రిములు చేరకూడదు. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకోవాలి. గదిలో రెండో మనిషి ఉండకూడదు. ఇంట్లోనే రెండో మనిషి లేరు కనుక ఆ నియమం నాకు కష్టం కాలేదు.

దిగిన సంచీని కొక్కెం కాటాకు తగిలించి, బరువు డైరీలో రాస్తాను. కాటా పక్కింటావిడది. ఒకప్పుడు ఆశ్రమ పాఠశాలలో నా దగ్గర చదువుకున్న పిల్ల. షావుకారు తూకం నమ్మదు. మిరియాలు ఇంట్లో తూచుకోనిదే సంతకు కదలదు. సంతరోజు పొద్దున్నే కాటా కోసం వచ్చి, మూసిన తలుపు అవతల అరుగు మీద కూర్చుంటుంది.

మొన్న మాఘంలో ఒక సంతరోజున సంచీ తక్కువ తూగింది. ముందురోజూ అంతే. ఇలాగే సాగితే విశాఖ వచ్చెయ్యవలసిందేనని డాక్టరు ముందే చెప్పాడు. కాటా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

“ఏటి మేస్టారూ, ఇంకా అవనేదా? బేగి ఇయ్యండి. సంతకి పొద్దెక్కిపోతంది.”

“నీళ్ళు తక్కువ దిగాయమ్మా.”

ఆమె గొంతు తలుపు దగ్గరకు జరిగింది.

“మీ బంగాళదుంప గురుతుందా?”

గుర్తుంది. దుంపకు గుంత తీసి, పంచదార వేసి, నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి పిల్లలకు చూపేవాడిని. సాయంత్రానికి గుంతలో నీళ్ళు ఊరేవి. ఒక ఏడు మాత్రం ఊరలేదు.

“ఆ పంచదార నానే తినీసినాను. మీ పొట్టలో కూడా ఏ గుంటపిల్లో కూకుని తినీస్తన్నాది, సూడండి!”

మాస్కు లోపలే నవ్వుకున్నాను.

ఫోనులో డాక్టరు చెప్పిందీ దాదాపు అదే. పంచదార పొర దాటి తొందరగా రక్తంలోకి పోతోందట. ఇక నీళ్ళను లాగేదేముంది? ఎక్కువసేపు ఉంచకుండా త్వరత్వరగా మార్చుకోమన్నాడు. అలా చేశాక తూకం పెరిగింది. ప్రస్తుతానికి కొండ దిగనక్కరలేదు. తలుపు మూసి ఉండే వేళలే ఎక్కువయ్యాయి.

ఇప్పుడామె మామూలు రోజుల్లోనూ మిరియాల గెలలు తెచ్చుకుని, ఆ అరుగు మీదే రాలుస్తోంది. గింజలు చాటలో పడే చప్పుడు నాకు వినిపిస్తుంది. ఎండెక్కగానే లేచి తోటకు పోతుంది. అప్పటికి నా సంచీలోకి సగం నీళ్ళే దిగి ఉంటాయి. మిగతా సగం ఆ చప్పుడు లేకుండానే దిగుతాయి.