పరిచిన చెయ్యి

మా అక్క పని గింజలు మొలిపించి లెక్కపెట్టడం. తడిగుడ్డ మీద నూరు గింజలు పది వరసల్లో పరిచి, గుడ్డని చుట్టచుట్టి, ఎనిమిదో రోజున విప్పి, ఎన్ని మొలిచాయో చీటీ రాసిస్తుంది. పాత విత్తనాలు అమ్మే ఏ కొట్టులోనైనా అక్క చీటీ అద్దానికి అంటించి ఉంటేనే జనం కొంటారు. చీటీ అడుగున గింజలు పరిచినవాళ్ళ పేరు ఉండి తీరాలి. తేడా వస్తే ఎవర్ని నిలదీయాలో తెలియాలిగా.

ఈ పని అక్క ముచ్చటపడి నేర్చుకోలేదు, కసితో నేర్చుకుంది. ముప్పై ఏళ్ళ కిందట విత్తనాల కొట్టున్న మా పెద్దనాన్న అమ్మకి చిక్కుడు గింజలిచ్చాడు. పెరట్లో ఒక్కటీ మొలవలేదు. అడగడానికి అమ్మ వెళితే, కొట్టు నిండా జనం ఉండగా, "గింజల్లో ఏముందమ్మా? అంతా నీ చేతిలోనే ఉంది. ఆ చెయ్యి తగిలితే ఏదీ మొలవదు" అని పకపకా నవ్వాడు. ఆ మాట వీధంతా పాకింది. అమ్మ ఇక మట్టి ముట్టలేదు. ఇప్పటికీ ఆయన నవ్వు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ ఏడు ఆయనే మా గుమ్మమెక్కాడు. మూడేళ్ళనాటి దోసగింజలు రెండు బస్తాలు మిగిలిపోయాయట.

"అమ్మాయీ, నీ చీటీ లేకపోతే ఒక్కడూ కొట్టెక్కట్లేదు. కాస్త చూడమ్మా."

"అలాగే పెద్దనాన్నా" అంది అక్క, తేనెలూరే గొంతుతో.

ఆయన వీధి మలుపు తిరగ్గానే తడిగుడ్డ తెచ్చి అమ్మ ముందు వేసింది. "నువ్వు పరుచు."

"నీకేమైనా పిచ్చా? మొలవకపోతే?" అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మొలవకపోతే ఆయన బస్తాలు పోతాయి. మొలిస్తే ఆయన మాట పోతుంది. నాకు రెండూ ఇష్టమే."

"మరి నా సంగతి?"

అక్క ఇన్నేళ్ళూ పగని పెంచి పోషించింది కానీ ఈ ప్రశ్న వేసుకోలేదు. చివరికి అమ్మే ఒక గింజ తీసింది. నూరు గింజలకి గంట పట్టింది.

నాలుగో రోజు విప్పి చూస్తే పదకొండు. అమ్మ అన్నం మానేసింది. "పాత గింజ బద్ధకంగా లేస్తుందమ్మా" అని అక్క అంటూనే ఉంది కానీ గొంతులో పస లేదు. నేనైతే అక్కని చెడామడా తిట్టాను. ఎనిమిదో రోజు అమ్మ ఆ గదిలోకే రాలేదు. మేమిద్దరం విప్పి, రెండుసార్లు లెక్కపెట్టాం. ఎనభై రెండు.

పెద్దనాన్న మొహం చింకిచేటంత అయింది, చీటీ అడుగున అమ్మ పేరు చూసేదాకా.

"ఈ ఒక్క ముక్క కొట్టేయమ్మా."

"కొట్టేస్తే చీటీ చెల్లదు. వద్దంటే చింపేసి వెళ్ళండి."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "బావగారూ, ఆ రోజు నాకిచ్చినవి చచ్చిన గింజలని మీకు తెలుసా?"

ఆయన వంగి చెప్పులు వెతుక్కున్నాడు. చీటీ మాత్రం చేతిలోంచి వదల్లేదు.

మర్నాడు దాన్ని కొట్టు అద్దానికి అంటించాడు. సాయంత్రం అక్క అమ్మని బతిమాలి తీసుకెళ్ళి చూపించింది. లోపల ఆయన తలెత్తితే ఒట్టు. ఆ మర్నాడు నేను లాక్కెళ్ళాను.

మూడో రోజు మేం పిలవలేదు. అమ్మే తల దువ్వుకుని వచ్చి నిలబడింది.

"త్వరగా పదండే, కొట్టు కట్టేస్తాడు."