పక్క సీటు బ్రేకు

మా పిన్ని డ్రైవింగు స్కూల్లో నేర్పుతుంది. ఊళ్లో సగంమంది ఆమె చేత తిట్లు తినే లైసెన్సు తెచ్చుకున్నారు, నాతో సహా. క్లచ్చు మీద కాలు అలాగే ఉంచితే, "అదేమైనా కాళ్లపీటా అమ్మాయ్?" అనేది. రివర్సులో గోడకి తగిలిస్తే మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఆ మౌనమంటేనే నాకు హడల్.

అలాంటి మనిషి ఈ వేసవిలో ఒంటరిగా, టైర్లు అరిగిన తన పాత కారేసుకుని నాలుగు నేషనల్ పార్కులు చుట్టి వస్తానంది. వచ్చే చలికాలంలో ఆమె కుడిమోకాలికి ఆపరేషను. ఆ తరవాత కొండదారుల్లో కారు నడిపే మాట మరిచిపొమ్మని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లంతా లోయల ముందు, జలపాతాల ముందు నిలబడి ఫొటోలు పంపేవాళ్లు. "కారు ఎంత వంకరగా పెట్టాడో చూడు" అని పిన్ని ఫోను అవతల పడేసేది. కాసేపటికి మళ్లీ తీసి చూసుకునేది. బాబాయిని వెంటబెట్టుకుపోవచ్చుగా అంటారేమో, ఆయనకి పక్కవీధి దాకా కారెక్కినా కడుపులో తిప్పుతుంది.

భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, మూలలు లేవకుండా గ్లాసులు పెట్టింది. ఫోను పలకని చోటల్లా పెన్సిలుతో సున్నా చుడుతోంది. ఆ సున్నాలు చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"పిన్నీ, కొండ మీద నువ్వు స్టీరింగు పట్టుకుని ఎన్నాళ్లయింది?"

పెన్సిలు ఆగింది. బాబాయి వంటింట్లో ఉన్నాడో లేదో చూసి, గొంతు తగ్గించింది.

"నిద్ర పట్టడం లేదే. కళ్లు మూస్తే మలుపులే. నా కాలు ఏం చేస్తుందో నాకే నమ్మకం లేదు."

స్కూలు కారులో నేర్పేవాళ్ల వైపు ఒక్క బ్రేకే ఉంటుంది. కుడికాలు తిన్నగా చాపితే తగిలేది అదే. డ్రైవరు వైపు అలా చాపితే తగిలేది యాక్సిలరేటరు, బ్రేకు దానికి ఎడమపక్కన ఉంటుంది. ఇన్నేళ్లూ ప్రమాదం ముంచుకొచ్చిన ప్రతిసారీ పిన్ని కాలు తిన్నగానే వెళ్లి జనాన్ని బతికించింది. అదే కాలు రేపు లోయ అంచున అలాగే వెళితే?

"మానెయ్ పిన్నీ. కొరివితో తల గోక్కోవడం దేనికి?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రేపు మన ఊరి కొండెక్కుదాం. స్కూలు కారు తెస్తా, నువ్వు నా సీట్లో కూర్చో."

మర్నాడు పొద్దున ఆమె అలవాటు కొద్దీ పక్క సీటు తలుపే తీసింది. నవ్వబోయి, ఆమె మొహం చూసి డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకున్నాను.

మొదటి మలుపులు బాగానే గడిచాయి. ఆ తరవాతి మలుపులో రోడ్డు మధ్యకొచ్చేసి లారీ ఎదురైంది. పిన్ని కాలు తిన్నగా పోయింది. ఇంజను అరిచింది, కారు ముందుకి దూకింది. నేను నా వైపు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. కారు ఆగింది. లారీవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"చూశావుగా," అంది పిన్ని.

"చూశాను. ఇంటికి పోదాం పద." నాకు ఏడుపొచ్చేసింది.

ఆమె కారుని రోడ్డు పక్కకి తీసి ఆపింది. తరవాత, "చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకో" అంది. "నీ కాలు అక్కడ ఉందని తెలిసినంతసేపూ నా కాలు నేర్చుకోదు."

"నాకు పిల్లలున్నారు పిన్నీ."

"అందుకే నెమ్మదిగా పోతా."

ఆమెకి ఎదురుచెప్పడం నాకు ఏనాడూ చేతకాలేదు. సీటు మీద బాసింపట్టు వేసుకుని, బెల్టు రెండు చేతులా పట్టుకున్నాను. పిన్ని తనకి తానే పాఠం చెప్పుకుంటోంది, మమ్మల్ని తిట్టిన గొంతుతోనే. "ఎడమకి. ఎడమకి తే, మొద్దూ." మలుపు మలుపుకీ కాలు అటు జరుపుకుంటూ పోతోంది. ఇంకాస్త పైకెళ్లాక బస్సు ఎదురైంది. నేను కళ్లు మూసేసుకున్నాను. తెరిచేసరికి కారు ఆగి ఉంది, బస్సు వెళ్లిపోయింది.

"ఇప్పుడు దిగు," అంది పిన్ని.

దిగాను. కారు మలుపు తిరిగి పైకి పోయింది. కాసేపు ఇంజను చప్పుడు వినబడింది, తరవాత అదీ లేదు. ఆమెకి ఏమైనా అయితే బాబాయికి ఏం చెప్పాలి, అమ్మకి ఏం చెప్పాలి? పై నుంచి హారను ఒక్కసారి గట్టిగా మోగింది. తరవాత ఏమీ లేదు. చెప్పుల్లేని కాళ్లతోనే పైకి పరిగెత్తాను.

పై మలుపులోంచి కారు మెల్లగా దిగుతూ వచ్చి నా పక్కన ఆగింది. పిన్ని అద్దం దించింది.

"ఇంకో లారీ," అంది. "ఈసారి ఆపింది నేనే."

"మరి భయం పోయిందా?"

"ఎక్కడ పోయింది? అది పోయేదాకా కూర్చుంటే వేసవి పోతుందే. సోమవారం బయల్దేరతాను."

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. పిన్ని అప్పటికే చెయ్యి చాపి, నన్నెక్కమని పక్క సీటు తలుపు తోసింది.

"ముందు మీ కారుకి ఆ అరిగిన టైర్లు మార్పించు," అన్నాను.