మా ఆవిడ గొంతు మింగేసిన స్పీకర్లు

టీ చల్లారిపోతోందని తొందరపెట్టకండి. నాకిప్పుడు కావాల్సింది టీ కాదు, ఓదార్పు! మొన్న ఆదివారం మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసా? పాస్టర్ గారు చూస్తుండగా, చర్చి క్వయర్ అంతా చూస్తుండగా, మా ఆవిడ గొంతును మాయం చేశాను. ఎవరో కాదు, నేనే! ఈ చేతుల్తోనే! ఇక ఆ ఇంట్లో నా పరువు గురించి మాట్లాడుకోవడం అనవసరం.

మొదట్నుంచీ చెప్తాను వినండి. మా గ్రేస్‌కి పాటంటే ప్రాణం. గుంటూరు నుంచి వచ్చి ఈ మణికొండలో అద్దెకి దిగినప్పటి నుంచీ చర్చి క్వయర్లో పాడుతోంది. పాడుతోందంటే, వెనక వరసలో. ముందు వరస విమలా ఆంటీది. ఆవిడ రిటైరైన నర్సు, క్వయర్లో అందరికన్నా సీనియర్. సోలో అంటే విమలా ఆంటీ, విమలా ఆంటీ అంటే సోలో. అలాంటిది ఈసారి క్రిస్మస్‌కి చర్చివాళ్ళు పాటల సీడీ వేస్తుంటే, క్వయర్ మాస్టారు ఒక పాట మా గ్రేస్ చేత పాడించారు. సోలో! ఆ పాటలో విమలా ఆంటీ కోరస్!

అర్థమైంది కదా పరిస్థితి? రికార్డింగ్ అయి బయటికొస్తుంటే ఆంటీ మా ఆవిడ భుజం తట్టి, "బాగానే పాడావులే అమ్మా. ఫైనల్ మిక్సింగ్‌లో ఎవరి గొంతు ఉంచుతారో, ఎవరిది తీసేస్తారో, అంతా దేవుడి చిత్తం" అన్నారట. ఆ మాట గ్రేస్ మనసులో ముల్లులా దిగింది. "నిజంగానే తీసేస్తారంటారా?" అని రోజూ నన్నే అడిగేది. సీడీ తయారై వచ్చేదాకా అసలా పాట ఎలా వచ్చిందో మా ఆవిడకీ తెలీదు. వచ్చే రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థన మా ఇంట్లోనే. అందరూ కూర్చుని మొదటిసారి అక్కడే విందామని పాస్టర్ గారన్నారు.

ఇదిగో, సరిగ్గా ఇక్కడ నేను దూరాను. "నీ పాట మన పాత మ్యూజిక్ సిస్టం డబ్బాలో వద్దు గ్రేస్. నేనే స్వయంగా స్పీకర్లు చేస్తాను. వాటిలో పలికే మొట్టమొదటి మనిషి గొంతు నీదే. అప్పటిదాకా ఇంకెవర్నీ వాటిలో నోరెత్తనివ్వను" అని మాటిచ్చాను. ఎంత ప్రేమో చూడండి! ఆ ప్రేమే నా కొంప ముంచింది.

నేను చేద్దామనుకున్నవి పెద్ద పెద్ద స్పీకర్లు కాదు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, పుస్తకాల అరలో పట్టేటంతవి. ఒక చెక్క పెట్టె, దాని మొహం మీద గుండ్రంగా ఊగే డ్రైవర్. అంతే కదా, ఎంతసేపు అనుకున్నాను. డిజైన్ కోసం ఇంటర్నెట్లో ఒక ఫోరంలోకి వెళ్ళాను. అయిపోయింది నా పని! అక్కడ రెండు పార్టీలున్నాయి. పెట్టెకి ఒక్కటే డ్రైవర్ ఉండాలి, గొంతు ముక్కలు కాకుండా ఒకే చోటి నుంచి రావాలి అని ఒక పార్టీ. కాదు, లావు శబ్దాలకి పెద్దదొకటి, సన్న శబ్దాలకి చిన్నదొకటి, ఎవరి వాటా వాళ్ళకి పంచడానికి మధ్యలో క్రాసోవర్ అనే సర్క్యూటొకటి ఉండాలని రెండో పార్టీ. పొద్దున్న ఈ పార్టీ వాదన చదివి అబ్బ నిజమే అనుకునేవాణ్ణి. సాయంత్రం ఆ పార్టీలోకి ఫిరాయించేవాణ్ణి. ఊరంతా రాష్ట్రం ఒకటా రెండా అని కొట్లాడుకుంటుంటే, నేను డ్రైవర్ ఒకటా రెండా అని నా మీద నేనే రాస్తారోకో చేసుకుంటున్నాను.

దానికితోడు బందులు. మా ఆఫీసు సంగతి మీకు తెలిసిందేగా, బంద్ రోజు ఇంట్లో కూర్చోవాలి, దానికి బదులు శనివారం హైటెక్ సిటీకి పరిగెత్తాలి. అలా దొరికిన ప్రతి బందూ నేను ఫోరంకే ధారపోశాను. కళ్ళు మూసుకుంటే స్పీకర్ల గ్రాఫులు. అన్నం తింటుంటే గ్రాఫులు. గ్రేస్ పప్పు వడ్డిస్తూ ఏదో అడిగితే, "నాలుగంగుళాలు చాలు" అన్నానట!

చివరికి ఎక్కడో జర్మనీలో ఉన్న ఒక పెద్దమనిషి రాసిన వాక్యం నన్ను కాపాడింది, అంటే అప్పటికి కాపాడిందనుకున్నాను. "ఈ డిజైన్లో బేస్ తక్కువే గానీ, పాడే మనిషి మీ ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది" అన్నాడాయన. ఇంకేం కావాలి? నా లక్ష్యం గొంతు, అదీ మా గ్రేస్ గొంతు. పెట్టెకి ఒకే డ్రైవర్, నాలుగంగుళాలది. ఖరారు!

డ్రైవర్లు తెప్పించాను. వడ్రంగి చేత చెక్కలు కోయించి, బాల్కనీలో కూర్చుని జిగురు పెట్టి బిగించాను. మా ఇంటి ఓనర్ యాదగిరి అన్న కింది పోర్షన్లోనే ఉంటాడు. ఈ ఊరివాడే, ఉద్యమం మనిషి. మెట్లెక్కి వచ్చి, నడుం మీద చేతులేసుకుని చూశాడు.

"ఏంది సారూ, పావురాలు పెంచుతున్రా?"

"స్పీకర్లన్నా. మా ఆవిడ పాట కోసం."

"గింత పరేషాన్ ఎందుకు సారూ? దుకాన్ల దొరుకయా?"

దొరుకుతాయి. దొరక్క కాదు. జిగురు డబ్బా అందుకుని ఇంకో చెక్క అంటించాను.

పెట్టెలు తయారయ్యాయి. పాత మ్యూజిక్ సిస్టం పొట్ట కోసి అందులోని ఆంప్లిఫైయర్ బయటికి తీసి, టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయర్‌కి తగిలించాను. ఇక వైరు కావాలి. కోఠి వెళ్దామంటే మళ్ళీ బంద్! బస్సుల్లేవు, షాపుల్లేవు. ఇల్లంతా వెతికితే పాడైపోయిన ఇస్త్రీ పెట్టె వైరు కనిపించింది. లోపల మూడు తీగలు, ఎరుపు, నలుపు, పచ్చ. అసలైతే స్పీకర్‌కి రెండేసి చొప్పున నాలుగు తీగలుండాలి. అయినా బుర్ర ఉన్నవాణ్ణి కదా! ఎర్రది ఒక స్పీకర్‌కి పోవడానికి, నల్లది రెండో స్పీకర్‌కి పోవడానికి, పచ్చది ఆ రెండింటి నుంచీ కలిపి వెనక్కి రావడానికి. మూడుతో సరిపెట్టేశాను. స్క్రూలు బిగించి చెయ్యి దులుపుకున్నాను.

మరి టెస్టింగ్? చేశానండీ, చేశాను! ఆఫీసులో నేను టెస్టింగ్ లీడ్‌ని. డెవలపర్ ఎవరైనా "నా మెషీన్లో బాగానే పనిచేసింది" అంటే నిలబెట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి. ఆ రోజు డ్రమ్స్ పెట్టాను, ఫారిన్ ఆర్కెస్ట్రాలు పెట్టాను. గొంతు మాత్రం పెట్టలేదు. మొదటి గొంతు గ్రేస్‌దే అని మాటిచ్చాను కదా మరి! శబ్దం కొంచెం విచిత్రంగానే ఉంది. పెట్టెల్లోంచి కాకుండా గోడల్లోంచి, కర్టెన్ల వెనక నుంచి వస్తున్నట్టుంది. ఆ ఫోరంలోనే ఒకాయన రాశాడు, అసలైన స్పీకర్లు వింటూంటే మాయమైపోవాలి అని. అబ్బ, సాధించాను! బేస్ అసలు లేదు. దానికీ ఫోరంలో సమాధానముంది. డ్రైవర్లు కొత్తవి కాబట్టి బిగుసుకుని ఉంటాయట, వాయించగా వాయించగా వదులవుతాయట. నాకు ఇంకే అనుమానమూ రాలేదు.

ఆదివారం వచ్చింది. హాలంతా జనం. క్వయర్ మాస్టారు ఎక్కడో రాస్తారోకోలో ఇరుక్కుపోయి రాలేకపోయారు గానీ, తక్కినవాళ్ళంతా వచ్చారు. పిలిచామని యాదగిరి అన్న కూడా వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు. గ్రేస్ కొత్త చీర కట్టుకుని ఓ మూల నిలబడింది.  పాస్టర్ గారు ప్రార్థన చేసి సీడీ కవర్ చించి నా చేతికిచ్చారు. నేను లేచి, ఈ స్పీకర్ల గురించి నాలుగు ముక్కలు చెప్పాను కూడా. "ఈ డిజైన్ ప్రత్యేకత గొంతండీ. పాడేవాళ్ళు మన ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది." ఎందుకు చెప్పానో!

పాట మొదలైంది. కీబోర్డ్ వచ్చింది, తబలా వచ్చింది. ఇక గ్రేస్ అందుకోవాలి. అందరూ ముందుకి వంగారు. ఏదీ? పక్క ఫ్లాట్ బాత్రూంలో ఎవరో తలుపేసుకుని పాడుకుంటున్నట్టు సన్నగా ఒక మూలుగు. అంతే! పల్లవంతా అలాగే వెళ్ళిపోయింది. తర్వాత కోరస్ వచ్చింది. "హల్లెలూయా!" అని ఇల్లదిరిపోయేలా విమలా ఆంటీ! నిజంగా ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అసలు ఎదురుగానే కూర్చున్నారు కదా!

కంగారుగా వాల్యూం పెంచాను. విమలా ఆంటీ పెరిగారు. ఇంకా పెంచాను. ఇంకా పెరిగారు.

"పాడేటామె ఇంక రాలేదా సారూ?" అన్నాడు యాదగిరి అన్న, పాపం చాలా మామూలుగా.

మాయమైంది స్పీకర్లు కాదు, మా ఆవిడ! విమలా ఆంటీ లేచి గ్రేస్ దగ్గరికెళ్ళి తల నిమిరారు. "మిక్సింగ్‌లో పోయినట్టుంది తల్లీ. బాధపడకు. వచ్చే క్రిస్మస్‌కి చూద్దాం." సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఈ సమ్మెలతో బొగ్గు లేక ఒకటే కోతలు కదా. ఆ చీకటే నాకు దిక్కనిపించింది. పోనీ లాప్‌టాప్‌లో పెడదామంటే, ఆఫీసువాళ్ళు అందులో సీడీ డ్రైవ్ పనిచెయ్యకుండా తాళం వేసి పెట్టారు. పాత డబ్బా పొట్ట నేనే కోసేశాను. కొవ్వొత్తి వెలుగులో గ్రేస్ అందరికీ కేక్, టీ ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది. ఆ నవ్వు చూస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ వెళ్ళాక సోఫాలో కూలబడింది. "వెనక వరసలోనే బాగుండేదాన్నండీ. నన్ను ముందుకి పిలవమని నేను అడిగానా? పిలిచి, పాడించి, అందరి ముందూ ఇలా తీసిపారెయ్యడం ఎందుకు?" అని ఒకటే ఏడుపు. నేను ఓదార్చబోయేంతలో ఫోన్ తీసింది. "మాస్టారూ, నేనిక క్వయర్‌కి రానండి. నా గొంతు అక్కర్లేకపోతే ముందే చెప్పాల్సిందండి."

అవతల మాస్టారి అరుపు నాక్కూడా వినిపించింది. "ఏం మాట్లాడుతున్నావమ్మా! పాటంతా నీ గొంతే! నీ గొంతు సరిగ్గా మధ్యలో పెట్టి, కోరస్‌ని అటూ ఇటూ సర్దాం. ఇంతకీ దేంట్లో విన్నారు?"

గ్రేస్ ఏడుపు ఆగిపోయింది. మెల్లగా నా వైపు తిరిగింది.

"దేంట్లో విన్నామండీ?"

నేను అప్పటికే స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నాను. మధ్యలో పెట్టాం అనగానే నా గుండెల్లో రాయి పడింది మరి. టార్చ్ వేసి చూద్దును కదా, ఆంప్లిఫైయర్ దగ్గర ఆ పచ్చ తీగని స్క్రూ గట్టిగా పట్టుకునే ఉంది. పట్టుకున్నది రాగిని కాదు, పైనున్న ప్లాస్టిక్ తొడుగుని! అంటే వెనక్కి వచ్చే దారి లేదు. దారి లేకపోతే ఒక స్పీకర్‌కి పోయింది రెండోదానిలోంచే తిరిగి రావాలి, అప్పుడు రెండింటికీ సమానంగా వెళ్ళే శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. సమానంగా వెళ్ళేది ఏది? మధ్యలో ఉన్న గొంతు. మిగిలేది ఏది? అటూ ఇటూ ఉన్న విమలా ఆంటీ. గొంతు కోసమే వెతికి వెతికి ఎంచిన డిజైన్‌తో, ఆ ఒక్క గొంతు తప్ప అన్నీ పలికించిన మొనగాణ్ణి నేనే!

ఇంతలో కరెంటొచ్చింది. మా గొడవ విని యాదగిరి అన్న పైకొచ్చాడు. జరిగింది చెప్తే పగలబడి నవ్వాడు.

"రెండిట్ని ఒక్క వైరుకు కట్టిన్రా? గందుకే గిట్లైంది సారూ! ఎవలది వాళ్ళకిస్తే రెండూ మంచిగ పలుకుతయ్. గీ ముచ్చటనే గదా, మేం రోడ్ల మీద వంటలు వండుకుంట మొత్తుకుంటున్నది!"

నేనేమంటాను? కిరాయికుంటున్నవాణ్ణి. నోరు మూసుకుని, ఆయనే తెచ్చిచ్చిన వైరు ముక్కతో దేనిది దానికి విడిగా కలిపాను.

పాట మళ్ళీ పెట్టాను. ఈసారి వచ్చింది, మా గ్రేస్ గొంతు! హాల్లో మధ్యలో నిలబడి పాడుతున్నట్టే, ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేటంత దగ్గరగా! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా కదలకుండా వింది. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. కానీ ఏం లాభం? వినాల్సినవాళ్ళంతా ఇళ్ళకి పోయారు! హాల్లో వరసగా ఖాళీ కుర్చీలు, గుమ్మం దగ్గర యాదగిరి అన్న. "జబర్దస్త్ పాడింది చెల్లె" అని ఆయనొక్కడే చప్పట్లు కొట్టాడు.

పాస్టర్ గారు దేవుడిలాంటి మనిషి. విషయం తెలిసి, వచ్చే ఆదివారం కూడా ప్రార్థన మీ ఇంట్లోనే పెట్టుకుందాం, పాట మళ్ళీ విందాం అన్నారు. క్వయర్ మానడం లేదని గ్రేస్ మాస్టారికి ఫోన్ చేసి చెప్పేసింది. నిన్న సాయంత్రం విమలా ఆంటీ ఫోన్ చేశారు. తప్పంతా నాదేనని తెలిసి తెగ జాలిపడి, చివర్లో అసలు సంగతి చెప్పారు. ఆ సీడీలో రెండో పాట ఆవిడ సోలోనట. ఎలాగూ అందరూ వస్తున్నారు కాబట్టి, గ్రేస్ పాట అయ్యాక అది కూడా మా స్పీకర్లలోనే వినాలని ఉందట.

"అయ్యో, తప్పకుండా ఆంటీ! మా ఆయన దగ్గరుండి పెడతారు" అని గ్రేస్ ఫోన్ పెట్టేసింది. వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ ఆదివారం తర్వాత మొదటిసారి నా వంక చూసి నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఏమండీ, మొన్న చేసిన తప్పు మళ్ళీ చెయ్యగలరా? ఒక్క పాటకే."

నెలల తరబడి చదివి, డిజైన్ ఎంచి, డ్రైవర్లు ఎంచి, వేళ్ళకి జిగురంటించుకుని చేసిన స్పీకర్లండీ! వాటిలో మా ఆవిడకి నచ్చిన ఫీచర్ అదొక్కటే.