సుభద్రక్క గుంటకు వచ్చిన ఐసు లారీలు

ఒక్క ముక్క టైపు చేసి, నాలుగు ఐసు లారీలనూ ఇరవైమంది వల మనుషులనూ ఒకే పొద్దున ఒకే రొయ్యల గుంట మీదికి తోలిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుడు నేనే. అంటే నిరుటి నేను. ఇప్పటి నాకు కాస్త బుద్ధి వచ్చింది, నమ్మి వినండి.

నిరుడు నాయుడుపేటలో ఒక చెప్పుల కొట్టు పైన గది తీసుకుని, తలుపు మీద ‘ప్రాజెక్ట్ మేనేజర్’ అని బోర్డు తగిలించాను. నా కింద ముగ్గురు పనివాళ్లు. ముగ్గురూ మనుషులు కారు. ఫలానాది కావాలని చెబితే చాలు, ప్రోగ్రాములు వాటంతటవే రాసేసే ఏఐ ఏజెంట్లు. ఒకటి రాస్తుంది, రెండోది పరీక్షిస్తుంది, మూడోది ఆ రెండింటి మీద అజమాయిషీ చేస్తుంది. మరి నువ్వేం చేస్తావయ్యా అంటారా? రివాల్వింగ్ కుర్చీలో గిర్రున తిరిగేవాణ్ని.

మొట్టమొదటి పని ఇచ్చింది సుభద్రక్క. చిట్టమూరు దగ్గర ఆమెకు రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలు పట్టే రోజున ఐసు లారీలకూ, వలలు లాగేవాళ్లకూ, కొనేవాళ్లకూ ఒక్క మీటతో కబురు వెళ్లే యాప్ కావాలంది. “బాగుంటే మా కట్ట మీద రైతులందరి చేతా పెట్టిస్తా. బాగలేకపోతే నువ్వూ వద్దు, నీ యాపూ వద్దు” అని ముందే తేల్చేసి, లారీలవాళ్లవీ, వలలవాళ్లవీ, కొనేవాళ్లవీ మొత్తం ఇరవై ఎనిమిది నంబర్లు చేతిలో పెట్టింది. వాటిని అలాగే ఏజెంట్లకు అప్పగించాను.

ఏజెంట్లు మొదట్లో అడుగడుగునా ‘ఇది చేయమంటారా?’ అని అడిగేవి. అవతల భోజనం చల్లారిపోతుంటే ఎన్నిటికని జవాబు చెప్పను? ‘ఇక నన్ను అడగొద్దు. యాప్ నిజంగా పనిచేస్తోందని రుజువు చేసి చూపించండి’ అని టైపు చేసి, దర్జాగా మెట్లు దిగాను.

తిరిగొచ్చేసరికి తెర నిండా పచ్చటి టిక్కులు! ‘ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిదీ అందాయి. పరీక్ష విజయవంతం.’ ఏమి అందాయి, ఎవరికి అందాయి అని బుద్ధున్న వాడెవడైనా అడుగుతాడు. నేను మాత్రం ఎగిరి గంతేశాను. “పైన ఏం పడిందబ్బా?” అని చెప్పుల కొట్టాయన కింద నుంచి కేకేశాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి సుభద్రక్క ఫోన్ చేసింది.

“ఏందబ్బయా, నా గుంటలో రొయ్యలు పట్టమని నువ్వు చెప్పినావా?”

“నేనా! లేదక్కా.”

“మరి ఈ లారీలేంది? వలలేంది? కట్ట మీద కాలు పెట్టే సందు లేదు. ‘రేపు ఉదయం రొయ్యల పట్టుబడి, తప్పక రాగలరు’ అని అందరి ఫోన్లలో నా పేరుతోనే ఉండాది!”

ఆ రొయ్యలు ఇంకా నా చిటికెన వేలంత కూడా లేవు. మరో నెలన్నర పెరగాలి. ఇప్పుడు వల దిగిందంటే అక్క పంట మొత్తం పోయినట్టే.

బైకు మీద ఎలా వెళ్లానో నాకే తెలియదు. వెళ్లేసరికి వలల మేస్త్రి నడుం లోతు నీళ్లలో ఉన్నాడు.

“ఆగన్నా! వల దించొద్దు! అది ఉత్తుత్తి మెసేజీ!”

“ఉత్తుత్తిదయితే ‘తప్పక రాగలరు’ అని ఎందుకు రాస్తారు సామీ?”

“అది పరీక్షన్నా.”

“ఎవురికి? మాకా?”

అంత ఆత్రంలోనూ నా మేనేజరు బుద్ధి ఊరుకోలేదు. గబగబా ఫోన్ తీసి, ‘అందరికీ వెంటనే క్షమాపణ రాయి’ అని ఏజెంటుకు హుకుం వేశాను. అది క్షణంలో రాసిచ్చింది. పంపబోతుంటే సుభద్రక్క నా చెయ్యి పట్టుకుంది.

“ముందు చదువు. గట్టిగా చదువు, అందరూ వింటారు.”

చదివాను. “కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. పట్టుబడి రేపు ఇదే సమయానికి జరుగును.”

కట్టంతా ఒక్కసారిగా గొల్లుమంది. “అయితే వలలు ఈడ్నే పెట్టి పోతాంలే అక్కా!” అన్నాడు మేస్త్రి, నీళ్లలో నుంచే.

అదృష్టం బాగుండి, పక్క గుంట రైతు మరో రెండు రోజుల్లో పట్టుబడి పెట్టుకున్నాడు. సుభద్రక్క వెళ్లి, దాన్ని ఆ రోజుకే జరుపుకోమని ఒప్పించి, లారీలనూ వలలనూ అటు తిప్పించింది. పిల్లరొయ్యలు బతికిపోయాయి. ఇక మిగిలింది నేనే. ఆమె ఎదుట తల వంచుకుని నిలబడ్డాను.

“తప్పయిపోయిందక్కా. యాప్ తీసేస్తాను.”

“తీసేస్తే ఊరుకోను. పోయిన పంటకి మూడు రోజులు ఫోన్లు చేసినా మధ్యాన్నం దాకా సగం మంది రాలా. ఈ పొద్దు నేను నోరు తెరవకుండానే అందరూ ఏడింటికల్లా దిగినారు. యాప్ బెమ్మాండంగా ఉండాది అబ్బయా. రిపేరు నీకే కావాల.”

కాబట్టి, ఆ గుంటలోని సమస్త రొయ్యల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నిజం మనుషుల నంబర్లు ఏజెంటు చేతికిచ్చి ఇంకెన్నడూ భోజనానికి వెళ్లను. అది రాసిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతాను. సుభద్రక్క “ఊఁ” అననిదే, ఎవరికీ ‘శుభోదయం’ అని కూడా పంపను.