మట్టి కింది వాల్వు

గొల్లపల్లి దగ్గర మా ఊళ్లో నల్లా నీళ్లు వదిలేవాడాయన. వాల్వులన్నీ మట్టి కిందే ఉండేవి. చెప్పు మడమతో నేలను రెండుసార్లు తట్టి, సరిగ్గా అక్కడే తవ్వి తిప్పేవాడు. ఏవి ఎక్కడున్నాయో రాసిపెట్టమని పంచాయతీలో అడిగితే, "కాగితమెందుకు, నేనేడికి పోత" అనేవాడు. నమ్మాం.

కరువు పట్టిన ఎండాకాలం ఆయన దుబాయి వెళ్లిపోయాడు. మిగతా వాల్వులు ఎలాగో దొరికాయి. మా వాడ వాల్వు మాత్రం, ఆయనలాగే మడమతో తట్టుకుంటూ ఎంత తవ్వినా దొరకలేదు. ఆయన ఇల్లూ మా వాడలోనే.

ట్యాంకరు దగ్గర వరుసలో ఆయన భార్య నా వెనకే నిలబడింది. కోపం ఆపుకోలేకపోయాను.

"వాల్వు ఏడున్నదో నీకన్న చెప్పిండా, అక్కా?"

ఆమె ఖాళీ బిందెను కాలితో ముందుకు జరిపింది.

"దుబాయి పోతున్ననని గూడ చెప్పలే, చెల్లె."