హైమ తొలగించని మాట

దమ్మపేటలో పామాయిల్ తోట చూసుకునే హైమకు క్రిప్టో గ్రూపు నడపడం సరదాగా మొదలైన పని. టెలిగ్రామ్‌లో ఆమె పెట్టిన ఆ గ్రూపులో ఇప్పుడు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా జనం ఉన్నారు. "రేపు మార్కెట్ కుప్పకూలుద్ది, అమ్మేసుకోండి" అని రోజూ ఎవరో ఒకరు భయపెడుతుంటారు. హైమ వాళ్లను తిట్టదు, తీసెయ్యదు. "ఏం చూసి అంటున్నారు?" అని అడుగుతుంది. చాలామంది ఆ ప్రశ్నతోనే మాయమైపోతారు.

నిరుడు ఆమె మరిది ఉదయ్ భాస్కర్ గ్రూపులోకి ఓ కొత్త కాయిన్ తెచ్చాడు. దాన్ని కొనే యాప్‌లో ధర రోజురోజుకీ పెరిగింది. అందరూ ఎగబడి కొంటుంటే, టేకులపల్లిలో మొబైల్ షాపు నడిపే రెహమాన్ ఒక్కడే రాశాడు: "ఇది మునుగుద్ది. ఇంక కొనకుండ్రి."

గ్రూపు భగ్గుమంది. కుళ్లుబోతన్నారు, బయటికి గెంటమన్నారు. ఉదయ్ భాస్కర్ బండేసుకుని నేరుగా తోటకే వచ్చాడు.

"వదినా, వాణ్ని తీసెయ్. జనం భయపడితే ధర పడిపోద్ది."

హైమ అతని ముందే రెహమాన్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "ఏం చూసి అంటున్నావు రెహమాన్?"

"అమ్ముదామంటే అయితలేదక్కా. కొనుడే ఉంది, పైసలు వాపస్ తీసుకునే దారి లేదు. నాకు అంటగట్టిన ఏజెంటు ఫోనే ఎత్తుతలేడు."

హైమ ఫోన్ పెట్టేసి మరిది వైపు తిరిగింది. "నీవి కాసిని అమ్మి చూపించు భాస్కరూ."

కోసిన గెలల గుట్ట పక్కన నిలబడి ఉదయ్ భాస్కర్ మళ్లీ మళ్లీ నొక్కాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"వదినా, ఇది బయటపెడితే నా పరువు పోద్ది. రెండ్రోజులు ఆగు."

"ఈ రెండ్రోజుల్లో ఇంకెంతమంది కొంటారో!"

ఆమె ఆగలేదు. రెహమాన్ మాటను అందరికీ కనబడేలా గ్రూపు పైన పిన్ చేసి, తన పేరూ ఊరూ పెట్టి రాసింది: "మా ఇంట్లోవాళ్లవే అమ్మి చూశాం. కుదరలేదు. ఇంక ఎవరూ డబ్బు పెట్టకండి."

ఆడవాళ్లకేం తెలుసన్నారు. సొంత మరిది ఎదుగుతుంటే ఓర్వలేకపోతోందన్నారు. సగం మంది గ్రూపు వదిలి వెళ్లిపోయారు. మరిది ఇంటికి రావడం మానేశాడు. హైమకు అన్నం సయించేది కాదు. అయినా ఆ మెసేజ్ తియ్యలేదు.

నెల తిరక్కుండానే యాప్ మూతపడింది. పెట్టినవాళ్ల డబ్బు పోయింది, ఉదయ్ భాస్కర్‌ది కూడా. ఆమె మాట విని ఆగినవాళ్లు మాత్రం బతికిపోయారు. వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే గ్రూపులోకి తిరిగొచ్చారు, కొందరు క్షమించమని, కొందరు ఏమీ ఎరగనట్టు.

మొన్న సత్తుపల్లిలో పెళ్లికి వెళ్తే, ఉదయ్ భాస్కర్ నలుగురు స్నేహితులను వెంటేసుకుని ఆమె ముందుకొచ్చాడు. "మా వదిన. నేను వద్దన్నా వినకుండా మన ఊరోళ్లని కాపాడింది" అన్నాడు, అందరికీ వినబడేలా.

"చాల్లే, ముందు భోజనానికి పదండి" అని హైమ కసిరింది.

పంక్తిలో కూర్చున్నాక భర్త వెంకటరామారావు ఆమె వైపు వంగాడు. "మా తమ్ముడు ఏదో అన్నాడంట. నేను సరిగా వినలా. నువ్వొకసారి చెప్పరాదూ?"

హైమ నవ్వు ఆపుకోలేకపోయింది. అయినా తల ఎత్తుకుని, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.