బండి యాడికి పోతాది?

పుంగనూరులో ఆయిల్ అంగడి అమ్మ, ఎవరు డబ్బా అడిగినా ముందు "బండి యాడికి పోతాదప్పా?" అనేది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అక్క కుప్పంలో ఉద్యోగంలో చేరాల్సిన రోజు అది. మదనపల్లె నుంచి బయలుదేరిన మా పాత ఆటోమేటిక్ కారు పుంగనూరులో గేరు జారడం మొదలుపెట్టింది. చూస్తే గేరు ఆయిల్ అడుగంటింది. అంగడి అమ్మ దగ్గరికి పోయి గేరు పెట్టెలో పోసే ఎర్ర ఆయిల్ ఇమ్మన్నాను.

"ఎర్రవి శానా రకాలుండాయి. మీ బండికి ఏదో నాకు తెలీదు. నీకు తెలుసునా?"

ఒక్కో గేరు పెట్టెకు ఒక్కో ఆయిల్ ఉంటుందని లైబ్రరీ పుస్తకంలో చదివిందంతా వివరంగా చెప్పాను. మా బండికి ఏదో మాత్రం ఆ పుస్తకంలో లేదు.

"బాగా సదివినావు. బండి యాడికి పోతాది?"

"కుప్పానికమ్మా. అక్క ఈరోజే చేరాల."

ఆమె బయటికి తీసిన డబ్బా మళ్లీ లోపల పెట్టేసి, వీధిలోకొచ్చి కుప్పం బస్సుకు చెయ్యి అడ్డం పెట్టింది. "తప్పుది పోస్తే దోవలో నిలబడిపోతాది. ఎక్కమ్మా!" అంది. అక్క ఎక్కేసింది.

తర్వాత కారుతో వచ్చిన పుస్తకం వెతికి, సరైన ఆయిల్ పేరుతో వెళ్లాను. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి జాగ్రత్తపడి, "యాడికీ పోదమ్మా, ఇంటికాడే ఉంటాది" అన్నాను.

"అయితే ఆయిలు యాలప్పా?" అని నవ్వుతూ డబ్బా నా చేతిలో పెట్టింది. ఏ ఊరు చెప్పాల్సిందో మాత్రం చెప్పలేదు.